వైరుకి రెండో కొస

ఓపీఏ1612 అనే ఆపాంప్ ఐసీ తన లోపల తాను పుట్టించే రొద రూట్ హెర్ట్జ్‌కి 1.1 నానోవోల్టులు. ఊళ్ళో ఏ రేడియో సామాన్ల కొట్టులో అడిగినా దొరికే టీఎల్072కి పాత డేటాషీటులో రాసి ఉన్న అంకె 18. ఈ రెండు అంకెల మధ్య తేడాయే నాన్న గొంతుకీ నాకూ మధ్య ఉన్న అడ్డు అని నమ్మాను. ఇంటర్మీడియట్ పిల్లలకి ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. విద్యుత్తు పాఠం ప్రతి ఏడూ బోర్డు మీద రాసినవాణ్ణి. తెలిసిన సంగతిని కాలేజీలోనే వదిలేసి, ఇంటికొచ్చి ఒక అంకెని పట్టుకు వేలాడాను. అది ఎంత దూరం తీసుకెళ్ళిందో ఉన్నదున్నట్టు రాసుకోవాలని ఇవాళ కూర్చున్నాను.

నాన్న పద్యనాటకాలు ఆడేవారు. ఉద్యోగం గుమాస్తాగిరీ, ప్రాణం మాత్రం రంగస్థలం. చిలకమర్తి వారి గయోపాఖ్యానంలో అర్జునుడి వేషం ఆయనకి పేరు తెచ్చింది. అది రాజమండ్రిలో పుట్టిన నాటకమనీ, ప్రకాశం పంతులుగారు కుర్రతనంలో అందులో వేషం కట్టారనీ రంగు పూసుకుంటూ పక్కవాళ్ళకి చెప్పేవారు. చుట్టుపక్కల ఊళ్ళ తీర్థాల్లో తెల్లవార్లూ ఆడిన నాటకాలు కొన్నిటిని మా బాబాయి టేప్‌రికార్డర్ పట్టుకెళ్ళి క్యాసెట్లకి ఎక్కించాడు. అన్నీ 1980ల నాటివి. పద్యం, పద్యం చివర ఊపిరి ఆగేదాకా సాగదీసే రాగం, వెనక హార్మణీ, జనంలోంచి వన్స్‌మోర్. ఎక్కువ నిడివి పడుతుందని బాబాయి తొంభై నిమిషాల క్యాసెట్లే కొనేవాడు. వాటిలో టేపు మందం 12 మైక్రాన్ల దాకా ఉంటుంది. గోదావరి తేమలో, బీరువా అడుగున, నలభై ఏళ్ళు ఉన్న 12 మైక్రాన్ల పొర అది. ఈ మాట నేను మొదటి రోజే గుర్తుపెట్టుకుని ఉండాల్సింది.

రాజమండ్రి ఆర్యాపురంలో మా ఇల్లు రెండంతస్తులు. క్యాసెట్ డెక్కు కింద ముందుగదిలో ఉంది, ఎందుకంటే అమ్మ అక్కడ కూర్చుంటుంది, ఏ క్యాసెట్‌లో ఏ ఊరి నాటకముందో అట్టమీద చేతిరాత చూసి ఆవిడే చెప్పాలి. కంప్యూటరు మేడమీద నా గదిలో. మధ్యలో మెట్లపక్కగా, కరెంటు పైపు వెంటే ఒక షీల్డ్ వైరు లాగాను. నాన్న పద్యం పైకి వచ్చింది, దాంతోపాటు గుయ్‌మని హమ్ము వచ్చింది. రాగం సన్నబడి ఊపిరిలోకి జారే చోట ఆ మోత శ్రుతిపెట్టెలా నిలబడి ఉండేది, నాన్న శ్రుతికి కలవని శ్రుతిపెట్టె. భరించలేకపోయాను. ఆ కోపంలోంచి పుట్టింది బోర్డు.

బ్యాలెన్స్‌డ్ లైను గురించి నాకు ఆ పాటికి తెలిసింది ఇంత: మామూలు ఆడియో వైరులో ఒక తీగ సంకేతాన్ని మోస్తుంది, చుట్టూ ఉన్న షీల్డే తిరుగుదారి. బ్యాలెన్స్‌డ్‌లో లోపల రెండు తీగలు. మైకువాళ్ళు కెనాన్ పిన్ను అనే ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 2వ కాలు ఒక తీగ, 3వ కాలు రెండోది, 1వ కాలు షీల్డు. దారిలో ఏ హమ్ము అంటినా రెండు తీగలకీ సమానంగా అంటుతుంది. అవతలి కొసన ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే హమ్ము పోయి సంకేతం మిగులుతుంది. పుస్తకంలో మాట సరైనదే. నేను చదివిన తీరులోనే లోపం ఉంది. సంకేతాన్ని నిటారుగా ఒక తీగలో, తలకిందులుగా ఇంకో తీగలో పంపితే చాలు, అదే బ్యాలెన్స్ అనుకున్నాను. అంటే పని అంతా పంపే కొసన ఉందనుకున్నాను.

పంపే కొసన పెట్టే బోర్డు మీద నేను పోసిన శ్రద్ధ చెబితే ఎవరైనా మెచ్చుకుంటారు. డెక్కు నుంచి వచ్చిన సంకేతానికి ఒక బఫర్, అంటే వచ్చిన వోల్టేజిని పెంచకుండా తగ్గించకుండా బలం ఇచ్చి పంపే ఆపాంప్. దాని పక్కన తలకిందులు చేసే ఇంకో ఆపాంప్. చెరో తీగకీ 100 ఓమ్‌ల రెసిస్టర్. ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల సప్లై, టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్, మందపాటి అల్యూమినియం డబ్బా. రాగి పలక మీద మార్కర్‌తో గీతలు గీసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి బోర్డు నేనే చెక్కాను. ఓపీఏ1612 పెద్ద కాళ్ళ ఐసీగా రాదు. చీమ తల ఉన్నంత కాళ్ళకి భూతద్దం కింద లెడ్డు పెట్టాను. మొదట పెట్టింది వేలు ఆనిస్తే కాలింది. 40 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తే ఐసీకి సప్లై కాళ్ళ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. నేను బోర్డు మూలన పెట్టాను. ఎవరికీ వినపడని ఎత్తులో అది తనంతట తాను ఊగిపోతోంది. కెపాసిటర్‌ని కాళ్ళ దగ్గరికి జరిపాక చల్లబడింది.

వైరు బిగించి, క్యాసెట్ వేసి, మేడెక్కి విన్నాను. హమ్ము అలాగే ఉంది.

ఇక్కడ ఆగి లెక్క వేసి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. ఆ లెక్క క్లాసులో పావుగంట పని. డాల్బీ లేని క్యాసెట్‌లో గట్టి సంకేతానికీ టేపు బుసకీ మధ్య దూరం దాదాపు 50 డెసిబెల్స్. డెక్కు అర వోల్టు ఇస్తుందనుకుంటే టేపు బుస ఒక్కటే 1.6 మిల్లీవోల్టులు. చవక టీఎల్072 బఫర్ రొదని 20 కిలోహెర్ట్జ్ వరకూ కలిపితే రెండున్నర మైక్రోవోల్టులు. ఆరువందల రెట్లు తక్కువ. నేను పాతిక రూపాయల ఐసీ పెట్టినా, ప్రపంచంలో ఉన్న అన్నిటికన్నా ఖరీదైనది పెట్టినా, నాన్న క్యాసెట్‌లో వినపడే తేడా సున్నా.

అంతకన్నా బాధపెట్టేది ఇంకొకటి. తలకిందులు చేసే ఆపాంప్ చుట్టూ నేను పెట్టిన రెసిస్టర్లు 100 కిలోఓమ్‌లవి, ఇంట్లో పొట్లం ఉంది కనక. రెసిస్టర్ అన్నాక వేడి వల్ల దానికంటూ ఒక రొద ఉంటుందని 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ కొలిచి చూపాడు, నైక్విస్ట్ సూత్రం రాశాడు. 1 కిలోఓమ్‌కి 4 నానోవోల్టులు, 100 కిలోఓమ్‌లకి 40. అది కాక, ఓపీఏ1612 వోల్టేజి రొద తక్కువైనా కరెంటు రొద ఎక్కువ. 1.7 పికోఆంపియర్లు. 100 కిలోఓమ్‌ల మీద పారితే అదే 170 నానోవోల్టులు అవుతుంది. టీఎల్072కి ఆ కరెంటు రొద లేనట్టే. అంటే నా బోర్డులో, నా రెసిస్టర్లతో, అంత డబ్బు పోసి తెప్పించిన ఐసీ కొట్టులో దొరికే ఐసీకన్నా రెట్టింపు పైన రొద చేస్తోంది. 1.1 అనే అంకె అబద్ధం కాదు. అది తన చుట్టూ ఒక కిలోఓమ్ లోపు రెసిస్టర్లు ఉన్నప్పుడు నిజం. డేటాషీటు మొదటి పేజీ చదివి చివరి పేజీల గ్రాఫులు చదవనివాడికి ఆ సంగతి తెలియదు. నేను చదవలేదు.

లెక్క వేయకుండా ఏం చేశాను? బోర్డుని మారుస్తూ పోయాను. కెపాసిటర్లు మార్చాను, రెగ్యులేటర్లు మార్చాను, గీతల దారి మార్చాను. మార్చిన ప్రతిసారీ కింద క్యాసెట్ వేసి పైన విన్నాను. ఆ క్యాసెట్ ఎప్పుడూ ఒకటే: గయోపాఖ్యానం, అర్జునుడు పట్టు విడవని ఘట్టం. రాగం పొడుగ్గా సాగి సన్నబడే చోటు హమ్ము పరీక్షకి బాగా పనికొస్తుందని దాన్నే ముందుకీ వెనక్కీ తిప్పాను. ఒకసారి డెక్కు లోపల రబ్బరు చక్రం టేపుని మింగేసింది. తలుపు తీసి చూస్తే గోధుమరంగు పోగు చక్రానికి చుట్టుకుని ఉంది. పెన్సిలుతో మెల్లగా తిప్పి తీశాను. తీసినా ముడతలు పడిన చోట నాన్న గొంతు మునిగి తేలుతుంది. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. పోయింది జానెడు కూడా ఉండదు, కానీ అది పద్యం ఆఖరి పాదం. పరీక్షకి సినిమా పాటల క్యాసెట్ ఇంట్లో లేక కాదు. నాన్న గొంతు మీద ప్రయోగం చేస్తున్నానన్న ఆలోచన నాకు రాలేదు. బోర్డు ముఖ్యమైపోయింది, క్యాసెట్ దానికి పనిముట్టు అయిపోయింది. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. అమ్మ మాత్రం ఆ మాట అనలేదు. "పాత టేపులు కదరా" అంది.

ఆ తర్వాత చేసింది ఇంకా ప్రమాదకరమైనది. కిందున్న అల్యూమినియం డబ్బా ప్లగ్గులో ఎర్తు వైరు విప్పి చూశాను. హమ్ము టక్కున ఆగిపోయింది. అంత ఆనందం నాకు చాలాకాలంగా లేదు. ఎర్తు లేకుండానే వదిలేశాను. "గ్రౌండ్ లూప్ తెంచాను" అని నాకు నేను పేరు కూడా పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న గచ్చు కడిగి ఉంది. అమ్మ చెప్పుల్లేకుండా వచ్చి, క్యాసెట్ పెట్టబోతూ డబ్బా మీద చెయ్యి ఆనించింది. "ఒరే, చుర్రుమందిరా" అని అరిచి చెయ్యి లాక్కుంది. ఆవిడకి డెబ్బై ఎనిమిది. గుండెకి మందులు వాడుతోంది.

మా వీధిలో కరెంటు పని చేసే మేస్త్రి అరగంటలో వచ్చాడు. పదో తరగతి దాకా చదివాడు, నేను పాఠం చెప్పిన కాలేజీ గేటు ఎక్కడుందో మాత్రమే తెలుసు. డబ్బా చూశాడు, ప్లగ్గు విప్పాడు, నా వైపు చూశాడు.

"ఇది ఎవరు తీశారండీ?"

"నేనే."

"మాస్టారూ, మీరే తీస్తే ఎలాగండీ?"

ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడకుండా మేడెక్కాడు. నా కంప్యూటరు ప్లగ్గు పెట్టిన సాకెట్ విప్పి నన్ను పిలిచాడు. ఎర్తు వైరు గోడలోంచి సాకెట్ దాకా వచ్చి ఉంది. స్క్రూ కింద బిగించలేదు. చుట్ట చుట్టి లోపలికి తోసేసి ఉంది. మేడ కట్టినప్పటి నుంచీ అలాగే ఉండాలి.

అక్కడ నిలబడితే అప్పుడు అంతా కళ్ళకి కట్టింది. కంప్యూటరు సప్లై లోపల 230 వోల్టుల రెండు తీగల నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కాస్త కరెంటు ఎప్పుడూ కారుతుంది, అది పోవాల్సింది ఎర్తులోకి. పైన ఎర్తు లేదు. అందుకని కంప్యూటరు, మానిటరు, యాంప్లిఫయర్ కార్చిన కరెంటంతా దొరికిన ఒకే దారి పట్టింది. అది నా ఆడియో వైరు షీల్డు. దాని గుండా కిందికి దిగి, నా డబ్బా ఎర్తులోంచి భూమిలోకి పోయేది. షీల్డుకీ జాయింట్లకీ కలిపి ఒక ఓమ్ అనుకుంటే, 3 మిల్లీఆంపియర్లు పారితే 3 మిల్లీవోల్టులు. టేపు బుసకి రెట్టింపు. అదే నేను వింటున్న హమ్ము. కింద కూడా ఎర్తు పీకేసరికి కరెంటుకి దారి మూసుకుపోయి మోత ఆగింది. ఆ క్షణం నుంచి పైన కంప్యూటరూ కింద డబ్బా రెండూ గాలిలో వేలాడుతూ వంద వోల్టుల పైచిలుకు దగ్గర నిలబడ్డాయి. అమ్మ తడికాళ్ళు ఆ కరెంటుకి కొత్త ఎర్తు అయ్యాయి. కారేది తక్కువ కరెంటు కనక చుర్రుమని వదిలింది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఉంటే, ఆ డబ్బాకి ఎర్తు లేదు, ఫ్యూజు పోయే అవకాశం లేదు. ఆ వాక్యం ఇంతకన్నా ముందుకి రాయలేను.

మేస్త్రి పై సాకెట్‌లో ఎర్తు బిగించాడు, కింద ప్లగ్గు సరిచేశాడు. పెరట్లో ఎర్తు గొయ్యి దగ్గర మూత తీసి చూస్తే మన్ను ఎండి బీటలు వారి ఉంది. బొగ్గు, ఉప్పు వేసి బిందెలతో నీళ్ళు పోయించాడు. "ఎండల్లో వారానికోసారి పొయ్యండి" అన్నాడు. డబ్బులు తీసుకుంటూ అమ్మ వైపు తిరిగి, "అమ్మగారూ, ఆ డబ్బా ముట్టుకోకండి, మాస్టారు మళ్ళీ ఏదైనా విప్పుతారు" అన్నాడు. అనాల్సిందే.

రెండు ఎర్తులూ సరయ్యాక హమ్ము చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. అప్పుడు వైరు రెండో కొస చూశాను. ఇన్ని రోజులూ చూడనిది అదే. మేడమీద సౌండు కార్డుకి బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ లేదు. మామూలు ఆర్‌సీఏ జాక్. నేను వైరు చేసేటప్పుడు 2వ తీగని జాక్ మధ్య కాలుకి, 3వ తీగని 1వ దాంతో కలిపి షీల్డుకి అతికేశాను. కింద ఎంతో శ్రద్ధగా రెండు తీగలుగా పంపినదాన్ని పైన ఒక లెడ్డు చుక్కతో ఒకటిగా చేశాను. తీసివేత జరగాల్సిన చోట తీసివేత లేదు. తలకిందులు చేసే ఆపాంప్ పాపం ఎప్పుడూ ఎర్తుకి షార్టై ఉన్న తీగలోకి కరెంటు తోస్తూ కూర్చుంది.

మా ఇంట్లో ఆ సంగతి చెప్పగల వస్తువు నా చిన్నప్పటి నుంచీ ఉంది. ల్యాండ్‌లైను ఫోను. ఎక్స్ఛేంజి నుంచి మా ఇంటిదాకా రెండు సన్నటి తీగలు, చాలా దూరం కరెంటు స్తంభాల పక్కనే వచ్చేవి. షీల్డు లేదు. 1.1 నానోవోల్టుల ఐసీ లేదు. అయినా అత్తయ్య కాకినాడ నుంచి మాట్లాడితే హమ్ము ఉండేది కాదు. టెలిఫోను పుట్టినప్పుడు ఒక్క తీగే ఉండేది, తిరుగుదారి భూమి. అమెరికా పట్టణాల్లో కరెంటు ట్రాములు వచ్చాక ఆ మోత ఫోన్లలో దూరి మాట వినపడకుండా పోయింది. అప్పుడు భూమిని వదిలి రెండో తీగ వేశారు. మెలిపెట్టిన జంట తీగకి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. రెండు తీగలూ భూమికి సమాన దూరంలో, సమానమైన ఇంపెడెన్స్‌తో, అంటే కరెంటుకి ఎదురయ్యే అడ్డుతో ఉంటాయి. ఫోను వాటి మధ్య తేడాని మాత్రమే వింటుంది. జెన్‌సెన్ ట్రాన్స్‌ఫార్మర్స్‌లో పనిచేసిన బిల్ విట్‌లాక్ ఏళ్ళ తరబడి రాసిందీ ఇదే: బ్యాలెన్స్ అంటే ఎదురెదురు సంకేతాలు పంపడం కాదు, భూమి వైపు ఇంపెడెన్స్ రెండు తీగలకీ ఒకటిగా ఉండడం. తలకిందులు చేసే ఆపాంప్ అసలు లేకపోయినా ఫరవాలేదు. రెండో తీగకి కూడా అదే 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి సంకేతం నేలకి కలిపేస్తే చాలు.

ఈ విద్యకీ మా ఊరికీ చుట్టరికం ఉంది. 1936లో నిడమర్తి సూరయ్యగారు ఇక్కడ దుర్గా సినీటోన్ పెట్టి సంపూర్ణ రామాయణం తీశారు. ఆంధ్రదేశంలో తొలి స్టూడియో అది. ఆ కాలంలో సినిమాకి శబ్దం పట్టే విద్య ప్రపంచంలో చాలావరకు టెలిఫోను ఇంజనీర్ల చేతుల్లోంచి వచ్చిందే. ఆ ఊళ్ళో పుట్టి, ఫోను పక్కన పెరిగి, నేను అదంతా వదిలి డేటాషీటు మొదటి పేజీ పట్టుకున్నాను.

కొత్త బోర్డు మేడమీద పెట్టాను, అందుకునే కొసన. మెయిన్ రోడ్డు వెనక కొట్టులో కొన్న ఎన్‌ఈ5532లు. వచ్చే ప్రతి తీగకీ ఒక బఫర్, ఆ తర్వాత రెండిటి తేడా తీసే ఆపాంప్. బఫర్ అవసరం ఇక్కడ ఉంది. తీగలకి బరువు పడకుండా పెద్ద ఇంపెడెన్స్ చూపిస్తే, వైరులోనో జాక్‌లోనో ఉన్న కొద్దిపాటి హెచ్చుతగ్గు లెక్కలోకి రాదు. తేడా తీసే చోట నాలుగు రెసిస్టర్లు 1 శాతం రకమైతే, అవి అన్నీ ప్రతికూలంగా పడ్డా హమ్ము యాభయ్యో వంతుకి తగ్గుతుంది. మల్టీమీటర్‌తో జతలు ఏరుకుంటే ఇంకా బాగా. ఆ ఏరుకోవడం మీద పెట్టిన సాయంత్రం మొత్తం పనిలో నేను సరిగ్గా ఖర్చుపెట్టిన సాయంత్రం. ఇంకొకటి: షీల్డుని బోర్డు మీదికి రానివ్వలేదు. పిన్ను 1 డబ్బాలోకి అడుగుపెట్టిన చోటే డబ్బా లోహానికి బిగించాను. నీల్ మన్సీ 1995లో ఈ జబ్బుకి పిన్ 1 సమస్య అని పేరు పెట్టి వివరంగా రాశాడు. షీల్డు కరెంటుని బోర్డు నేలలో పారనిస్తే అది సంకేతంలో కలిసిపోతుంది.

హమ్ము పోయింది. టేపు బుస మిగిలింది, దాని వెనక హార్మణీ బెల్లోస్ ఊపిరి కూడా వినపడింది.

సంతోషంగా తమ్ముడి కూతురికి చూపించాను. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. శ్రద్ధగా విన్నది, బోర్డు తిప్పి చూసింది. "పెదనాన్నా, నా లాప్‌టాప్ చార్జర్ పీకేసి కిందకి తెచ్చి, డెక్కుకి చిన్న వైరు పెడితే ఇదంతా అక్కర్లేదు కదా?" అంది.

అక్కర్లేదు. బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్‌కి కారే కరెంటు లేదు, చిన్న వైరుకి లూప్ లేదు, మెట్ల పక్క కరెంటు పైపు లేదు. మొదటి రోజే ఆ పని చేసుంటే ఆ పద్యం ఆఖరి పాదం ఉండేది. నాకు ఎందుకు తట్టలేదో చాలా ఆలోచించాను. నాన్న గొంతు కోసం మొదలుపెట్టానని చెప్పుకున్నాను కానీ, నా చేత్తో ఒక గొప్ప వస్తువు చేసి ఆయన ముందు పెట్టాలన్న ఆరాటం అందులో ఎక్కువ ఉంది. బతికుండగా నా పని ఒక్కటీ ఆయనకి చూపించలేదు.

మిగతా క్యాసెట్లన్నీ ముందుగదిలోనే, అమ్మ పక్కనే, లాప్‌టాప్‌లోకి ఎక్కించాం. ముందు డెక్కు రబ్బరు చక్రం మార్పించాను, ప్రతి క్యాసెట్‌నీ ఒక్కసారే నడిపాం. బోర్డులు రెండూ వీధి చివర రామాలయానికి ఇచ్చాను. అక్కడ మిక్సర్ నుంచి యాంప్లిఫయర్ దాకా వైరు మండపం చుట్టూ సీరియల్ బల్బుల పక్కనుంచే పోతుంది. బ్యాలెన్స్‌డ్ లైను నిజంగా కావాల్సిన చోటు అది. బిగించే ముందు అక్కడి ఎర్తు మేస్త్రి చేత చూపించాను.

నాన్నతో గయుడి వేషం వేసిన పెద్దాయన మండపేటలో ఉన్నారు. పాడైన క్యాసెట్‌లో ఉన్న ఆ రాత్రి నాటకాన్ని వాళ్ళ అబ్బాయి కూడా వేరే టేప్‌రికార్డర్‌లో పట్టాడని ఫోనులో చెప్పారు. క్యాసెట్ దొరికిందట, నడుస్తుందో లేదో తెలియదన్నారు. ఆదివారం లాప్‌టాప్, డెక్కు, చిన్న వైరు పట్టుకుని వెళ్తున్నాం. అమ్మ కూడా వస్తానంది.